మూడున్నర లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు: స్విఫ్ట్ డీజిలా, వ్యాగన్ ఆర్ పెట్రోలా?

నమస్తే అండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉండేది గుంటూరులో. ఇంట్లో మీరిద్దరు, నాలుగేళ్ల పాప, అమ్మానాన్న. చేతిలో మూడున్నర లక్షలున్నాయి, అప్పు చేయదలచుకోలేదు. నెలకు 600 కిలోమీటర్లు దాటదు. వారానికి ఒకటి రెండుసార్లు విజయవాడ, మిగతాదంతా ఊళ్లోనే. రెండు బండ్లు చూసి వచ్చారు. ఒకటి 2015 స్విఫ్ట్ డీజిల్, టీఎస్ నంబరు, 1,05,000 తిరిగింది, 3.40 లక్షలు చెబుతున్నారు. రెండోది 2017 వ్యాగన్ ఆర్ పెట్రోల్, ఏపీ 16 నంబరు, విజయవాడ బండి, 58,000 తిరిగింది, 3.20 చెబుతున్నారు. ఏది తీసుకోమంటారు అని అడిగారు.

వ్యాగన్ ఆర్ తీసుకోండి. కాకపోతే రెండు షరతులు. ఆ బండి 2024 వరదల్లో మునగలేదని ఖాయం చేసుకోవాలి. ధర 2.90 దగ్గరికి దిగాలి. మిగిలిన అరవై వేలు ఆ బండి మీదే ఖర్చు పెట్టడానికి పక్కన ఉంచుకోండి. రెండింట్లో ఏది కుదరకపోయినా మొహమాటం లేకుండా వదిలేసి ఇంకో వ్యాగన్ ఆరో, గ్రాండ్ ఐ10నో వెతకండి. స్విఫ్ట్ డీజిల్ చెడ్డ బండి అని నేను అనను. మీ వాడకానికి సరిపడేది కాదు, అంతే.

నేను విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. చిన్న కార్లే ఎక్కువ చేస్తాను. సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు "ఒకసారి చూసి పెట్టండి" అని తెచ్చేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. కొనేశాక తెచ్చేవాళ్లు అంతకు రెట్టింపు ఉంటారు. ఆ రెండో రకం వాళ్లను చూసే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు డీజిల్ లెక్క చూద్దాం, ఎందుకంటే మీ మనసు అటే లాగుతున్నట్టు ప్రశ్నలో తెలుస్తోంది. నెలకు 600 అంటే ఏడాదికి 7,200 కిలోమీటర్లు. ఊళ్లో, హైవే మీద కలిపి వ్యాగన్ ఆర్ 16 ఇస్తుందనుకుందాం, స్విఫ్ట్ డీజిల్ 19 ఇస్తుందనుకుందాం. కంపెనీ చెప్పిన అంకెలు ఇంతకంటే బాగా ఎక్కువ ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. పెట్రోలు లీటరు 110, డీజిలు 97 చొప్పున వేస్తే పెట్రోలుకు ఏడాదికి 49,500, డీజిలుకు దాదాపు 36,800. తేడా పన్నెండు వేల ఏడు వందలు. నెలకు వెయ్యి రూపాయల చిల్లర.

ఆ వెయ్యి కోసం మీరు నెత్తికెత్తుకునేది ఏమిటో చెబుతాను. లక్ష దాటిన డీజిల్ బండిలో ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్, ఇంజన్ మౌంటింగులు అన్నీ ఒకే వయసుకు వచ్చి ఉంటాయి. అందులో టర్బో ఒక్కటి పోయినా మీరు రెండేళ్లలో మిగిల్చుకున్నది ఒక్క బిల్లులో పోతుంది. పైగా డీజిల్ ఇంజన్ రోజూ ఐదు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే పనికి పుట్టలేదు. అరండల్‌పేట నుంచి బ్రాడీపేటకు, అక్కడి నుంచి స్కూలుకు తిప్పితే అది పూర్తిగా వేడెక్కదు. మసి పేరుకుంటుంది, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) మూసుకుపోతుంది. వన్‌టౌన్‌లో బట్టల కొట్టు ఉన్న ఒకాయన మైలేజీ కోసం డీజిల్ కొన్నాడు. ఇంటికీ కొట్టుకూ మూడు కిలోమీటర్లు. ఏడాదిన్నరలో మూడుసార్లు మా దగ్గరికి వచ్చింది ఆ బండి. దానిలో లోపం ఏమీ లేదు. దాన్ని రోజూ హైదరాబాదు తిప్పితే నిక్షేపంగా ఉండేది. నెలకు 1,500 కిలోమీటర్లు, అదీ హైవే మీద తిరిగేవాళ్లు అడిగితే నేనే డీజిల్ తీసుకోమంటాను.

స్విఫ్ట్ విషయంలో ఇంకో చిక్కు ఆ టీఎస్ నంబరు. తెలంగాణ బండి మీ పేరు మీదికి రావాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. "అదంతా పదిహేను రోజుల పని సార్" అంటారు అమ్మేవాళ్లు. ఆ ట్యాక్సు ఎంతవుతుందో ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని ధరకు కలుపుకోండి. అప్పుడు 3.40 బండి మీ బడ్జెట్ దాటిపోతుంది. ఇంకా ఒకటి: 2015 బండికి 2030లో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చేయించి, రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజే 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. 2017 బండికి ఆ బాధ ఇంకో రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది.

ఇక వ్యాగన్ ఆర్ ఎందుకు అంటారా. 998 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. టైమింగ్ బెల్టు కాదు, చైను. అందుకని ఇన్ని వేల కిలోమీటర్లకు బెల్టు మార్చాలనే ఖర్చు లేదు. ఆయిల్ వేళకు మారిస్తే లక్షన్నర కిలోమీటర్లు ఇంజన్ హెడ్డు విప్పకుండా నడిచినవి నా చేతిలోనే ఉన్నాయి. స్పేర్లు ఆటోనగర్‌లోనే కాదు, నరసరావుపేటలో అడిగినా దొరుకుతాయి. అన్నిటికంటే మీ ఇంటికి సంబంధించిన కారణం ఇంకొకటి ఉంది. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పి అని రాశారు. స్విఫ్ట్ సీటు కిందికి ఉంటుంది, దిగేటప్పుడు లేవాలి. వ్యాగన్ ఆర్‌లో సీటు ఎత్తు, డోరు ఎత్తు, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని దిగొచ్చు. కొనేముందు అమ్మగారిని తీసుకెళ్లి నాలుగుసార్లు ఎక్కి దిగమనండి. బండి చూడటానికి వచ్చేవాళ్లలో ఇది చేసేవాళ్లు నాకు చాలా తక్కువ మంది కనిపించారు.

ఇన్సూరెన్సులో కూడా చిన్న తేడా ఉంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే తప్పనిసరి ఇన్సూరెన్సు) రేటు ప్రకారం 1000 సీసీ లోపు కారుకు 2,094, ఆ పైన 1500 సీసీ దాకా 3,416, జీఎస్టీ కాకుండా. వ్యాగన్ ఆర్ మొదటి దాంట్లో వస్తుంది, 1248 సీసీ స్విఫ్ట్ రెండో దాంట్లో.

ఇప్పుడు అసలు విషయం. విజయవాడ బండి అన్నారు కాబట్టి వరద సంగతి తేల్చకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట, కండ్రిక వైపు ఎలా మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఇళ్ల ముందున్న బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక క్రేన్లు పెట్టి వరసగా లాక్కొచ్చారు. ఆ నెలంతా మా వీధిలో బురద వాసనే. కొన్ని బండ్లు బాగుచేయడం దండగని తేలి ఇన్సూరెన్సు డబ్బులు వచ్చాయి. కొన్ని బాగుపడ్డాయి, వాటి ఓనర్లు ఇప్పటికీ నడుపుకుంటున్నారు, అందులో తప్పేమీ లేదు. తప్పల్లా మునిగిన బండిని కడిగి, సీట్ కవర్లు మార్చి, పాలిష్ కొట్టి, మునగలేదని చెప్పి అమ్మడంలోనే ఉంది.

ఆ మరుసటి ఏడాది ఎండాకాలంలో ఒక కుర్రాడు బండి తెచ్చాడు. బ్రోకర్ దగ్గర కొన్నాడట, కొని మూడు నెలలు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లైటు వెలుగుతోంది, ఒక పవర్ విండో పనిచేయదు, ఒక్కోసారి తాళం తిప్పితే అసలు చలనం ఉండదు. డ్రైవర్ సీటు బోల్టులు విప్పి పక్కకు పెట్టాను. సీటు కింద కనెక్టర్లన్నీ పచ్చగా పాచి పట్టినట్టున్నాయి. కార్పెట్ ఎత్తితే కింద ఎండిన ఒండ్రు మట్టి. ఆ అబ్బాయి కొత్తగా ఉద్యోగంలో చేరాడు, వాళ్ల నాన్న పీఎఫ్ డబ్బులు తీసి కొనిచ్చాడు. వైరింగ్ మొత్తం మార్చాలంటే ఎంతవుతుందో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు నుంచి ఎవరు బండి తెచ్చినా ముందు సీటు కిందే చూస్తున్నాను.

మీరు ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు ఇవి.

సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. మొదటి అడుగు శుభ్రంగానే ఉంటుంది, చివరి అడుగు చూడాలి. నీళ్లలో ఉన్న బెల్టుకు అక్కడ మట్టి గీత ఉంటుంది, అది ఎంత ఉతికినా పోదు. నాలుగు బెల్టులూ చూడండి. ఒక్కటి మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఎందుకు మార్చారో అడగండి. బెల్టు మీద తయారైన తేదీ లేబులు ఉంటుంది, అది బండి సంవత్సరంతో కలవాలి.

సీటు జరిగే పట్టాలు, సీటు కింది స్ప్రింగులు, డ్యాష్‌బోర్డు కింద పెడల్స్ పైన ఉండే స్క్రూలు ఫోను లైటు వేసి చూడండి. మామూలు బండికి అక్కడ దుమ్ము ఉంటుంది, తుప్పు ఉండదు. డిక్కీలో స్టెప్నీ ఎత్తి దాని కింద చూడండి. హెడ్‌లైట్ల లోపల ఆవిరి మచ్చలు ఉన్నాయా చూడండి. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం నాలుగులో పెట్టి ముక్కుతో పీల్చండి. మరీ ఘాటైన సెంటు వాసన వచ్చినా అనుమానించాల్సిందే, దేన్నో కప్పిపెడుతున్నారన్నమాట.

వీటన్నిటికంటే నమ్మకమైంది కాగితం. పాత ఇన్సూరెన్సు పాలసీలు, కనీసం 2024 నుంచి ఇప్పటిదాకా ఉన్నవి అడగండి. అందులో ఎన్‌సీబీ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) అని ఒక శాతం ఉంటుంది. క్లెయిము చేయకుండా ఏటా రెన్యువల్ చేసుకుంటూ పోతే అది 20, 25, 35, 45, 50 ఇలా పెరుగుతుంది. 2017 నుంచి ఒకే ఓనర్ దగ్గరున్న బండికి క్లెయిము లేకపోతే 50 ఉండాలి. 2024 సెప్టెంబరు తర్వాత చేసిన రెన్యువల్‌లో అది ఒక్కసారిగా సున్నా అయిందంటే ఆ మధ్యలో క్లెయిము పడిందని అర్థం. గుద్దుకున్నదా, మునిగిందా అని అప్పుడు సూటిగా అడగొచ్చు. ఓనర్ ఆ రోజుల్లో ఎక్కడ ఉన్నాడో, బండి ఎక్కడ పార్క్ చేశాడో కూడా మాటల్లో అడగండి. నిజం చెప్పేవాడు వెంటనే చెబుతాడు. విజయవాడలో ఆ వారం ఎవరూ మర్చిపోయేది కాదు.

అన్నట్టు, ఆ 50 శాతం తగ్గింపు మీకు రాదు. అది మనిషితో పోతుంది, బండితో రాదు. మీ పేరు మీద పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం పెరిగితే కంగారు పడకండి, ఆ డబ్బు కూడా అరవై వేలల్లో లెక్కేసుకోండి.

ఇక మీటరు గురించి. 58,000 నిజమా అని అడిగారు. ఎనిమిదేళ్ల చిల్లరకు 58,000 అంటే ఏడాదికి ఏడు వేలు, ఊళ్లో తిరిగిన పెట్రోలు బండికి సహజమే. అలాగని నమ్మేయకండి. మీటరు వెనక్కి తిప్పడం ఇవాళ పది నిమిషాల పని. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఓనర్‌తో కలిసి వెళ్లి, బండి నంబరు చెప్పి సర్వీస్ హిస్టరీ తీయించండి. ఏ తేదీన ఎంత మీటరు ఉందో వరసగా వస్తుంది. 2021లో 61,000 అని ఉండి ఇవాళ 58,000 చూపిస్తే ఇక మాట్లాడేది లేదు, ఇంటికి వచ్చేయండి. హిస్టరీ దొరక్కపోతే క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ మీద చేయి పట్టే చోటు, డ్రైవర్ సీటు కుడి అంచు చూడండి. 58,000 తిరిగిన బండి పెడల్ రబ్బరు మీద గీతలు ఇంకా కనిపించాలి.

టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. నాలుగూ ఒకే తేదీవి, 2022 తర్వాతవి అయితే సంతోషం. ఆరేళ్లు దాటినవి అయితే గాడి లోతు ఉన్నా సరే మార్చాల్సిందే, ఆ డబ్బు ధరలో తగ్గించమని అడగండి. మన ఎండలకు రబ్బరు గట్టిపడిపోతుంది, వానలో బ్రేకు కొడితే జారుతుంది.

తక్కువ తిరిగిన బండే మంచిదనుకోవద్దు. దీని గురించి గట్టిగా చెప్పాలనిపిస్తోంది. పటమటలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎనిమిదేళ్లలో 14,000 మాత్రమే తిరిగిన బండి చూడటానికి వెళ్లాను. పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దాయనది. చూడటానికి కొత్త బండిలా ఉంది. లోపల చూస్తే టైర్లు రాయిలా అయిపోయాయి, హోసులు పగిలాయి, ఎలుకలు ఇంజన్ వైరింగ్ కొరికాయి, ట్యాంకులో పెట్రోలు పాతబడి వాసన వస్తోంది. దాన్ని రోడ్డు మీదికి తేవడానికి అప్పట్లోనే 38,000 అయింది. అదే సత్యనారాయణపురంలో ఒక రిటైర్డ్ మాస్టారి 2012 వ్యాగన్ ఆర్ 92,000 తిరిగింది. ప్రతి బిల్లూ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టుకున్నారు. ఎప్పుడు ఆయిల్ మార్చింది, ఎప్పుడు బ్యాటరీ వేసింది, అన్నీ ఆయన చేతిరాతలో ఉన్నాయి. మా బావమరిదికి అదే ఇప్పించాను. ఇప్పటికీ నడుస్తోంది, క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు తప్ప పెద్ద పని రాలేదు. ఒకే పేరు, ఒకే డబ్బు అయినా ఎవరి చేతిలో పెరిగిందన్న దాన్ని బట్టి రెండు బండ్లు వేరైపోతాయి. అందుకే "వ్యాగన్ ఆర్ మంచిదా, ఐ10 మంచిదా" అని అడిగినప్పుడల్లా ఏ వ్యాగన్ ఆరు, ఎవరి ఐ10 అని నేను తిరిగి అడుగుతాను.

బండి చూడటానికి వెళ్లేటప్పుడు పొద్దున్నే వెళ్లండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజు చూడటం మానేసి ఇంకో రోజు రండి. చల్లటి ఇంజన్ తాళం తిప్పగానే అంటుకోవాలి. సైలెన్సర్ వెనక ఎవరినైనా నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోందని అనుమానం. చలికాలం పొద్దున కాసేపు వచ్చే ఆవిరి వేరు, అది రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. తర్వాత ఆయిల్ మూత తీసి లోపలి వైపు చూడండి. మజ్జిగ మీగడలా తెల్లగా అంటుకుని ఉంటే వద్దు. కూలెంట్ డబ్బాలో తుప్పు నీళ్లు ఉంటే, ఇన్నాళ్లూ కుళాయి నీళ్లు పోసి నడిపారన్నమాట.

నడిపేటప్పుడు బ్రోకర్ చూపించిన ఖాళీ రోడ్డు మీద కాకుండా మీరే దారి ఎంచుకోండి. బెంజ్ సర్కిల్ దగ్గర మొదలుపెట్టి కనకదుర్గ వారధి దాటి తాడేపల్లి దాకా వెళ్లి రండి. రద్దీలో క్లచ్, హైవే మీద 80లో స్టీరింగ్ వణుకు, స్పీడ్ బ్రేకర్ల మీద సస్పెన్షన్ మూడూ తెలుస్తాయి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. వ్యాగన్ ఆర్ క్లచ్ సెట్టు మజూరీతో కలిపి ఏడెనిమిది వేలు అవుతుంది, అది బండి వదిలేసుకునేంత కారణం కాదు, ధర తగ్గించే కారణం. ఏసీ మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకు, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు చల్లగా వస్తుందో లేదో చూడాలి. పొద్దున ఎనిమిదింటికి ఏ ఏసీ అయినా బాగానే ఉంటుంది. మన దగ్గర మే నెల సంగతి మీకు చెప్పాలా.

యాక్సిడెంట్ బండి పట్టుకోవడానికి నా పద్ధతి చెబుతాను. ఎండలో, బండి కడగకముందు, పక్క నుంచి వంగి బాడీ లైన్ చూడండి. టింకరింగ్ చేసి పెయింట్ వేసిన చోట నీడ అలల్లా కనిపిస్తుంది. బోనెట్, డోర్ల బోల్టుల తల మీద పెయింట్ పగిలి ఉంటే విప్పి బిగించారన్నమాట. ఒక డోరు మార్చడం, బంపర్ గీతలు పెద్ద విషయం కాదు, మన ట్రాఫిక్‌లో ఎనిమిదేళ్లు తిరిగిన బండికి అవి ఉంటాయి. రేడియేటర్ వెనక ఛాసిస్ కొమ్ములు (బండి ముందు భాగాన్ని మోసే ఇనుప దూలాలు), డోరు రబ్బరు లాగితే కనిపించే పిల్లర్ వెల్డింగులు కదిలి ఉంటే మాత్రం మీకు ఎంత తగ్గించినా వద్దు. కంపెనీ వెల్డింగు చిన్న చిన్న గుండ్రటి చుక్కల్లా సమాన దూరంలో ఉంటుంది. చేతి వెల్డింగు గడ్డలు కట్టి ఉంటుంది.

భద్రత గురించి మీరు అడగలేదు, కానీ పాప ఉంది కాబట్టి చెప్పకుండా ఉండలేను. 2017 వ్యాగన్ ఆర్ అన్ని వేరియంట్లలోనూ ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ రాలేదు. ఏబీఎస్ అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి, పక్క సీటుకు కూడా 2022 నుంచి. మీరు చూసిన బండిలో అవి ఉన్నాయా లేదా అడగండి. ఉంటే, తాళం తిప్పగానే మీటర్లో ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఇంకా ప్రమాదం, ఎవరో ఆ లైటు పీకేశారు. ఇవి లేని బండి అయితే నేను ఇంకో యాభై వేలకు ఆగి, ఏబీఎస్, రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్న బండి కొనమంటాను. గట్టి బాడీ ముఖ్యం అనుకుంటే టియాగో చూడండి, 2020 మోడల్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి చూసి 5 నక్షత్రాలకు ఇన్ని అని ఇచ్చే సంస్థ) పరీక్షలో పెద్దవాళ్ల భద్రతకు 4 నక్షత్రాలు వచ్చాయి. వ్యాగన్ ఆర్ కొత్త తరం బండికి 2019లో 2, 2023లో 1 మాత్రమే వచ్చాయి. నేను పొగిడిన బండే అయినా ఆ మాట దాచకూడదు. ఏ బండి కొన్నా పాపను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోకండి. వెనక సీట్లో బెల్టుతో బిగించే పిల్లల సీటు అదే నెలలో కొనండి.

ధర దగ్గరికి వద్దాం. 3.20 చెప్పారంటే 2.75తో మొదలుపెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, అంతకుముందు సెస్సుతో కలిపి 29 ఉండేది. కొత్త బండి ధర తగ్గాక పాత బండికి పాత రేటు చెప్పడం న్యాయం కాదు, ఈ మాట అమ్మేవాళ్లతో నిదానంగా చెప్పండి. కొన్నాక మొదటి నెలలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, గేర్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ప్లగ్గులు అన్నీ మార్చేయండి. పాత ఓనర్ నిన్ననే మార్పించానన్నా సరే. దీనికి ఏడెనిమిది వేలు, బ్యాటరీ ఐదు, టైర్లు అవసరమైతే పదహారు, ఇన్సూరెన్సు పది పన్నెండు, పేరు మార్పు ఖర్చులు. అరవై వేలు ఎందుకన్నానో తెలిసింది కదా. మిగిలితే మీ అదృష్టం. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్ల మైలేజీ కొద్దిగా తగ్గడం ఉంటుంది, 2017 బండి దానికోసం తయారైంది కాదు. సర్వీసులో పెట్రోలు హోసులు ఒకసారి చూడమనండి, టెన్షన్ పడాల్సిన పని లేదు.

సీఎన్‌జీ కిట్ బిగించిన బండి చూపిస్తే ఆర్సీలో ఎక్కిందో లేదో చూడండి, సిలిండరుకు మూడేళ్లకోసారి చేసే పరీక్ష కాగితం అడగండి. రెండూ లేకపోతే వద్దు.

కాగితాల విషయంలో చాలామంది బద్ధకిస్తారు. ఆర్సీలో ఉన్న పేరుగల మనిషిని మీరు కళ్లారా చూడాలి, డబ్బు ఆయన ఖాతాలోకే వేయాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించే కాగితం) చేతికి వచ్చాకే మిగతా డబ్బు. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద ఎదురుగా సంతకాలు పెట్టించండి. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొట్టి చలాన్లు, ఇన్సూరెన్సు గడువు చూసుకోండి. బయానా ఐదు వేలు దాటించవద్దు, అదీ "మెకానిక్ చూశాక నచ్చకపోతే వెనక్కి" అని కాగితం మీద రాయించుకునే ఇవ్వండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఒప్పుకోని బ్రోకర్ దగ్గర కొన్నవాళ్లే తర్వాత మా షెడ్డు ముందు దిగులుగా నిలబడటం చూశాను. పేరు మార్పు మీరే దగ్గరుండి వెంటనే చేయించుకోండి. పాత ఓనర్‌కు కూడా ఇది మేలే, ఆర్సీలో పేరు ఉన్నంతకాలం ఏదైనా ప్రమాదం జరిగితే బాధ్యత రిజిస్టర్డ్ ఓనర్ మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఆ మాట చెబితే ఆయన కూడా తొందరగా సంతకాలకు వస్తాడు.

ఈ పరీక్షలన్నీ అయ్యాక గంటసేపు మీకు తెలిసిన మెకానిక్‌కు చూపించండి. బండి కంప్యూటర్‌లో ఉన్న లోపాలు చదివే స్కానర్ పెట్టమనండి. ముందు రోజు రాత్రే లోపాల కోడ్‌లు చెరిపేసి తెచ్చిన బండి అయితే, బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్‌లోనే చూపిస్తుంది. ఆ మెకానిక్ బ్రోకర్ చెప్పిన మనిషి కాకూడదు.

పొద్దున వెళ్లినప్పుడు మూడు తీసుకు రండి: చల్లటి ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసిన వీడియో, డ్రైవర్ సీటు కింద ఫోటో, 2024 తర్వాతి పాలసీలో ఎన్‌సీబీ ఉన్న పేజీ. ఓనర్ పేరు, ఫోన్ నంబరు కనపడకుండా మూసి ఇక్కడే పెట్టండి. రాత్రి షెడ్డు మూశాక చూసి, ఆ ఇంజన్ శబ్దం విని, వెళ్లమంటానో వద్దంటానో చెబుతాను.